రాత్రి రెండు గంటలకు ఎత్తే ఫోన్ ఒక్కటి కావాలి

హైదరాబాద్‌లో బాలాపూర్, షాహీన్‌నగర్, పహాడీషరీఫ్, బార్కస్ చుట్టుపక్కల, బర్మా నుంచి పారిపోయి వచ్చిన రోహింగ్యాల క్యాంపుల్లో పనిచేస్తున్న స్వచ్ఛంద సంస్థల బాధ్యులకు, మసీదు కమిటీల పెద్దలకు, చర్చి మిత్రులకు, వైద్య శిబిరాలు పెట్టే డాక్టర్లకు, ఫీజు తీసుకోకుండా కేసులు చూస్తున్న వకీళ్ళకు, ఆదివారాలు పాఠాలు చెప్పడానికి వచ్చే కాలేజీ పిల్లలకు

నమస్కారం. సలాం.

మీలో చాలామందికి నేను ముఖపరిచయం ఉన్న మనిషినే. మీర్‌పేటలో ఉంటాను. సర్కారు బడిలో తెలుగు టీచరుగా రిటైరయ్యాను. వారానికి మూడు సాయంత్రాలు ఒక క్యాంపుకు వెళ్ళి పిల్లలకు అఆలు దిద్దిస్తాను. ఏ సంస్థలోనూ సభ్యురాలిని కాను. అందుకే ఈ ఉత్తరం రాయడం నాకు కాస్త తేలిక. అక్కడక్కడ కోపం కనిపిస్తే అది చనువుతో వచ్చిన కోపం అనుకోండి.

పోయిన వానాకాలంలో ఒక రాత్రి ఒకటిన్నరకు నా ఫోన్ మోగింది. చేసింది నా దగ్గర చదువుకునే పిల్ల, పదమూడేళ్ళది. పక్క గుడిసెలో ఒకమ్మాయికి నొప్పులు మొదలయ్యాయి. ఆమె భర్త కూలిపని మీద వేరే ఊరు వెళ్ళాడు. గుడిసెలో టార్పాలిన్ మడతలో మూడు సంస్థల కార్డులు దోపి ఉన్నాయి. పిల్ల మూడింటికీ ఫోన్ చేసింది. ఒకటి స్విచాఫ్. ఒకటి మోగి మోగి ఆగిపోయింది. మూడో నంబరులో ఒకాయన పలికాడు. మంచిగానే మాట్లాడాడట, కానీ 'మాది చదువుల ప్రాజెక్టమ్మా, హెల్త్ వాళ్ళకి చేసి చూడండి' అన్నాడట. ఆ హెల్త్ వాళ్ళదే స్విచాఫ్ అయిన నంబరు.

నేను ఆటో దొరికించుకుని వెళ్ళి, ఆమెను ఎక్కించుకుని దవాఖానాకు చేరేసరికి రెండున్నర దాటింది. అక్కడ అసలు తంటా మొదలైంది. నర్సు అడిగేది చూలాలికి అర్థం కాదు, ఆమె చెప్పేది నర్సుకు అర్థం కాదు. నా ఉర్దూ అంతంతమాత్రం. రోహింగ్యా భాష అసలే రాదు. చివరికి ఫోన్ స్పీకర్లో పెట్టి, క్యాంపులో ఉన్న ఆ పదమూడేళ్ళ పిల్లతోనే మాట్లాడించాం. ఉమ్మనీరు ఎప్పుడు పోయింది, బిడ్డ కదులుతోందా, మొదటి కాన్పు ఎలా అయింది... ఎనిమిదో తరగతి పిల్ల నోట పలికించాల్సిన ప్రశ్నలా ఇవి? 'టీచర్, ఉమ్మనీరు అంటే తాగే నీళ్ళా?' అని అడిగింది. నర్సు తల పట్టుకుంది. ఆమెను నేను తప్పుపట్టను, ఆ రాత్రి ఆ వార్డులో ఆమె ఒక్కతే.

తల్లీ బిడ్డా క్షేమంగా ఉన్నారు. ఆడపిల్ల. కానీ ఆ రాత్రి తర్వాత నేను ఇంటికొచ్చి నా డైరీ తీశాను. ఈ నాలుగు క్యాంపుల దగ్గర గత ఏడాది నేను చూసిన సంఘాల పేర్లు రాసుకుంటూ పోతే పదకొండు తేలాయి. పదకొండు సంఘాలుండి, రాత్రిపూట ఎత్తే ఫోన్ ఒక్కటి లేదు.

మళ్ళీ అదే ఏడాది రంజాన్ సంగతి చూడండి. ఒకే క్యాంపుకు ఒకే వారంలో మూడు సంఘాల రేషన్ కిట్లు వచ్చాయి. మూడింట్లోనూ నూనె, పప్పు, ఖర్జూరం, సేమ్యా. అక్కడికి కిలోమీటరున్నర దూరంలో ఉన్న చిన్న క్యాంపుకు ఒక్కటీ రాలేదు, ఎందుకంటే అక్కడికి వ్యాన్ పోయే దారి లేదు. ఎక్కువ వచ్చినవాళ్ళు నూనె ప్యాకెట్లు కిరాణా కొట్లో సగం ధరకు అమ్ముకుని, ఆ డబ్బుతో పిల్లలకు జ్వరం మందులు కొనుక్కున్నారు. అది ఎవరో వీడియో తీసి 'చూడండి, ఇచ్చినవి అమ్ముకుంటున్నారు' అని వాట్సాప్‌లో తిప్పారు. అమ్ముకోక ఏం చేస్తారు? తొమ్మిది లీటర్ల నూనె తాగుతారా?

పదిమంది చేతిలో పడ్డ పాము చావదని మన పెద్దవాళ్ళు ఊరికే అనలేదు. అందరూ కొడుతున్నామనే అనుకుంటారు, దెబ్బ మాత్రం ఎక్కడా గట్టిగా తగలదు.

నాకు ఈ జనంతో ఇంత పట్టింపు ఎందుకని మీర్‌పేటలో మా పక్కింటివాళ్ళు అడుగుతుంటారు. చెబుతాను. నేను పుట్టింది విశాఖపట్నం కంచరపాలెంలో, బర్మా క్యాంపులో. ఆ పేరు ఇప్పటికీ అలాగే ఉంది. మా అమ్మమ్మ పుట్టింది రంగంలో. రంగం అంటే రంగూన్, మా వైపు అలాగే అంటారు. గోదావరి, విశాఖ, శ్రీకాకుళం ఊళ్ళ నుంచి రేవుల్లో, బియ్యం మిల్లుల్లో కూలికి పోయిన తెలుగువాళ్ళను అక్కడ 'కోరంగీలు' అనేవారు, కాకినాడ పక్కన కోరంగి రేవు పేరు మీద. ఆ మాట గౌరవంగా వాడేది కాదు. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు సమ్మె చేస్తే, తర్వాత జరిగిన అల్లర్లలో మనవాళ్ళను వెతికి వెతికి చంపారు. 1942లో జపాన్ బాంబులు పడినప్పుడు లక్షల మంది నడిచి బయటపడ్డారు. మా తాతయ్య అన్నగారు ప్రోమ్ మీదుగా తౌంగుప్ కనుమ దాటి, అరకాన్ తీరంలో అక్యాబ్ చేరి, అక్కడి నుంచి చిట్టగాంగ్ వచ్చారు. ఆ అరకానే ఇప్పటి రఖైన్. ఆ అక్యాబే ఇప్పటి సిత్వే. మా పెద్దతాతయ్య ఆకలితో నడిచిన నేల మీద నుంచే నా క్లాసులో పిల్లల అమ్మానాన్నలు పారిపోయి వచ్చారు.

యుద్ధమయ్యాక మావాళ్ళు కొందరు మళ్ళీ వెళ్ళారు. 1962లో బర్మా సైన్యాధిపతి నె విన్ సైన్యంతో అధికారం తీసుకున్నాడు. 1964లో దుకాణాలు జాతీయం చేశారు, యాభై, వంద చాట్ల (బర్మా డబ్బు) నోట్లు రద్దు చేశారు. అమ్మమ్మ 1965లో ఓడ దిగేసరికి చెవులకు దిద్దులు కూడా లేవు, రేవులో తనిఖీ చేసేవాళ్ళు తీసేసుకున్నారు. మమ్మల్ని అప్పుడు బర్మా కాందిశీకులు అన్నారు. కాందిశీకుడు అన్న మాటకు సంస్కృతంలో అర్థం 'ఏ దిక్కుకు పోను' అని అడుగుతూ పరుగెత్తేవాడు అని. బళ్ళో పాఠం చెప్పేటప్పుడు ఈ మాట వస్తే నాకు గొంతు పట్టుకునేది.

అమ్మమ్మ ప్రభుత్వం ఇచ్చిన స్థలం గురించి, అప్పు గురించి ఎక్కువ చెప్పేది కాదు. పక్కనే ఉండే ఒక రైల్వే ఉద్యోగి భార్య గురించి చెప్పేది. రేషన్ కార్డు ఆఫీసుకు ఆమే తోడు వచ్చిందట. పిల్లల్ని బడిలో ఆమే చేర్పించిందట. పదేళ్ళ తర్వాత కూడా పండక్కి ఆమె ఇంటికి అరిసెలు వెళ్ళేవి.

మావాళ్ళకూ వీళ్ళకూ తేడా నాకు తెలుసు. మావాళ్ళు స్వదేశం తిరిగొచ్చినవాళ్ళు, ప్రభుత్వమే పునరావాసం పెట్టింది. వీళ్ళకు వెనక్కి చూస్తే దేశం లేదు. 1982 పౌరసత్వ చట్టంతో బర్మా వీళ్ళను తనవాళ్ళు కాదంది. 2012లో రఖైన్‌లో ఇళ్ళు తగలబెట్టినప్పుడు కొందరు ఇటు వచ్చారు. 2017 ఆగస్టు తర్వాత ఏడు లక్షల మందికి పైగా బంగ్లాదేశ్‌లోకి పారిపోయారు. హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళు ఆరు వేలకు అటూ ఇటూ అని పత్రికల్లో చదువుతుంటాం. మన దేశం 1951 శరణార్థుల ఒప్పందం మీద సంతకం పెట్టలేదు. ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ ఇచ్చిన కార్డు వీళ్ళ చేతుల్లో ఉంది కానీ, దాన్ని అరెస్టు నుంచి కాపాడే కవచం అనుకోవడానికి లేదు. 2021 ఏప్రిల్‌లో జమ్మూ రోహింగ్యాల కేసులో సుప్రీంకోర్టు వాళ్ళను తిప్పి పంపడాన్ని ఆపలేదు, చట్ట ప్రకారం పద్ధతి పాటించాలని మాత్రం చెప్పింది. వీళ్ళకు ప్రభుత్వం నుంచి వచ్చేది చాలా తక్కువ కాబట్టి మీ మీద, మా మీద ఆధారపడటం ఎక్కువ. మనం విడివిడిగా తిరిగితే ఆ భారం కూడా వాళ్ళదే అవుతుంది.

ఇక నేను అడగదలచుకున్నవి.

అన్నిటికంటే ముందు ఆ ఫోన్. ఒకే నంబరు. పదకొండు సంఘాలు వారానికొకటి చొప్పున తీసుకుంటే ఒక్కో సంఘానికి రెండున్నర నెలలకు ఒక వారం రాత్రి డ్యూటీ పడుతుంది. సిమ్ ఒక్కటే, ఫోన్ చేతులు మారుతుంది. ఆ వారం 'మాది చదువుల ప్రాజెక్టు' అనే మాట చెల్లదు. నంబరు ప్రతి గుడిసె గుంజకూ పెయింటుతో రాద్దాం, కార్డులు వానకు తడిసిపోతాయి.

ఫోన్ ఎత్తినవాడికి భాష రావాలి కదా. క్యాంపుల్లో ఉర్దూ బాగా వచ్చినవాళ్ళు చాలామంది ఉన్నారు, కొందరు కుర్రాళ్ళకు తెలుగు కూడా పట్టుబడింది. ఆడవాళ్ళు ముగ్గురు, మగవాళ్ళు ముగ్గురు దుబాసీలుగా ఉంటే చాలు. వాళ్ళకు నాలుగు రోజులు డాక్టరమ్మ ఒకరు కూర్చోబెట్టి ఒంటి మాటలు నేర్పాలి. ఉమ్మనీరు, మాయ, ఫిట్స్, బీపీ, ఎలర్జీ. రాత్రి నిద్ర పాడుచేసుకుని వచ్చినందుకు ఆటో ఖర్చు, ఫోన్ రీఛార్జి, మర్నాడు పోయిన కూలి ఇవ్వాలి. ఉచిత సేవ అని మనలాంటి పెన్షన్ వచ్చేవాళ్ళు అనుకోవచ్చు గానీ, చెత్త ఏరి బతికేవాళ్ళను అడగకూడదు.

పిల్ల పుట్టిన 21 రోజుల్లో జననం నమోదు చేయించాలి. అప్పుడు ఫీజు లేదు. 21 దాటితే ఆలస్య రుసుం, నెల దాటితే జిల్లా రిజిస్ట్రార్ అనుమతి, ఏడాది దాటితే మెజిస్ట్రేట్ ఉత్తర్వు. ఇది అందరికీ వర్తించే చట్టమే, 1969 నుంచి ఉంది. జనన ధ్రువపత్రం వల్ల పౌరసత్వం రాదు, అది వేరే సంగతి. కానీ ఆ పిల్ల ఫలానా రోజు ఫలానా చోట పుట్టిందని లోకంలో ఒక్క కాగితమైనా ఉంటుంది. నా క్లాసులో సగం మంది పుట్టినరోజు జనవరి ఒకటి. ఎవరో ఏదో ఫారంలో అలా రాసేశారు, అదే నిలిచిపోయింది. న్యూ ఇయర్ కేకు తెస్తే అందరికీ ఒక్కటే సరిపోతుందని పిల్లలే జోకులేస్తారు. ప్రతి కాన్పు తర్వాత తొమ్మిదో రోజో పదో రోజో వెళ్ళి ఆ పని చేయించే మనిషి ఎవరు? ప్రస్తుతం అందరూ, అంటే ఎవరూ కాదు. ఒక సంఘం పేరు దానికి ఎదురుగా రాసుకుందాం.

బడి విషయంలో నాకు తెలిసినది చెబుతాను, మిగతాది వకీళ్ళు చెప్పాలి. విద్యాహక్కు చట్టం 2009 ప్రకారం వయసు రుజువు లేదని బడిలో చేర్చుకోకుండా ఉండకూడదు. వయసుకు తగ్గ తరగతిలో కూర్చోబెట్టి, వెనకబడినదానికి ప్రత్యేకంగా శిక్షణ ఇవ్వాలి. 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కూడా రోహింగ్యా పిల్లలు ముందు సర్కారు బడులకే వెళ్ళి అడ్మిషన్ అడగాలని, ఇవ్వకపోతే హైకోర్టుకు వెళ్ళొచ్చని చెప్పింది. అయినా జూన్ వస్తే ఏం జరుగుతోంది? నాలుగు సంఘాల నుంచి నలుగురు నాలుగు రోజులు ఒకే హెడ్మాస్టర్ దగ్గరికి వెళ్ళి ఒకే మాట అడుగుతున్నారు. ఆయనకు విసుగొస్తుంది. నేనూ ఆ కుర్చీ పక్కన ముప్పై ఏళ్ళు ఉన్నదాన్నే, ఆ విసుగు ఎలా ఉంటుందో తెలుసు. ఒకే బృందం, ఒకే రోజు, కోర్టు మాట ప్రింటు తీసుకుని, పిల్లలతో సహా వెళితే పని అవుతుంది. మా పాత సహోద్యోగులు కొందరు ఇప్పటికీ సర్వీసులో ఉన్నారు, నేను వస్తాను.

జాబితాల గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. ప్రతి సంఘం వచ్చి పేర్లు, ఫోటోలు, కార్డు నంబర్లు, ఫోన్ నంబర్లు రాసుకుపోతోంది. ఒక తల్లి నాతో అంది, 'ఐదుసార్లు చెప్పాను టీచర్, నా చిన్నకొడుకు దారిలో ఎలా పోయాడో. ఐదోసారి అబద్ధం చెప్పాను, కొడుకే లేడన్నాను.' ఈ మాట విన్నాక మళ్ళీ సర్వే ఫారం పట్టుకుని ఎవరైనా వెళ్ళగలరా? ఇక ఆ లిస్టులు ఎవరి లాప్‌టాప్‌లో ఉన్నాయో, ఎవరికి ఫార్వర్డ్ అయ్యాయో తెలియదు. నా సలహా పాతకాలపుది. కుటుంబానికొక అట్ట పుస్తకం. అది వాళ్ళ దగ్గరే ఉంటుంది. టీకాల తేదీలు, కాన్పులు, బడి, శరణార్థి కార్డు గడువు ఎప్పుడు ముగుస్తుందో అందులో ఉంటాయి. ఏ సంఘం మనిషి వచ్చినా ఆ పుస్తకం చూసి, చేసిన పని అందులో రాసి సంతకం పెట్టి రావాలి. ఎవరికి చూపించాలో, ఎవరికి చూపించకూడదో వాళ్ళిష్టం.

ఫోటోల సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. దాతలకు రుజువు కావాలి, ఒప్పుకుంటాను. కిట్లు పేర్చి ఉన్న ఫోటో తీయండి. తీసుకునే చేతుల ఫోటో, ముఖం ఫోటో వద్దు. అది ఏ గ్రూపులోకి చేరుతుందో, దాని కింద ఏ రాతలు వస్తాయో మీకు నాకంటే బాగా తెలుసు.

ఇప్పుడు కాస్త ఇబ్బందికరమైన విషయం. క్యాంపు పక్కనే ఉండే మన బస్తీవాళ్ళు. వాళ్ళూ రెక్కాడితే డొక్కాడని జనమే. పాలమూరు నుంచి వచ్చి మట్టి పని చేసేవాళ్ళు, స్క్రాప్ ఏరుకునేవాళ్ళు. వాళ్ళ గుమ్మం ముందు నుంచే వ్యాన్ క్యాంపులోకి పోతుంది, వాళ్ళ వైపు చూడదు. 'మాకేం తక్కువ కష్టాలున్నాయా?' అని ఒకావిడ నన్ను నిలదీసింది. ఆవిడ కోపంలో న్యాయం ఉంది. స్క్రాప్ కొట్టువాడు క్యాంపువాళ్ళు తక్కువకే ఇస్తారని చూపి ఆవిడకూ రేటు తగ్గించాడు. అందువల్ల వైద్య శిబిరం పెడితే బస్తీకీ క్యాంపుకీ మధ్య పెట్టండి, ఇద్దరికీ ఒకే లైను ఉండాలి. సాయంత్రం చదువుల్లో బస్తీ పిల్లలనూ కూర్చోబెట్టండి. నా క్లాసులో ఇప్పుడు ఐదుగురు వస్తున్నారు. వాళ్ళ దగ్గరే మా రోహింగ్యా పిల్లలు అసలు తెలుగు నేర్చుకుంటున్నారు, తిట్లతో సహా.

నిప్పు భయం కూడా ఉంది. ఢిల్లీలో కాళింది కుంజ్ దగ్గర క్యాంపు 2018లో ఒకసారి, 2021లో ఒకసారి కాలి బూడిదైంది. మన దగ్గరా అవే వెదురు కర్రలు, అదే ప్లాస్టిక్, అవే వేలాడే కరెంటు వైర్లు. స్థలం ప్రైవేటువాళ్ళది, అద్దె తీసుకుంటారు, వైరింగ్ మాత్రం ఎవరికీ పట్టదు. ఎండాకాలం రాకముందే ఒక ఎలక్ట్రీషియన్‌ను తీసుకెళ్ళి వైర్లు సరిచేయించి, ఇసుక బకెట్లు పెట్టించడానికి అయ్యేది, వచ్చే రంజాన్ కిట్ల ఖర్చులో పదో వంతు కూడా కాదు.

వకీళ్ళకు ప్రత్యేకంగా ఒక మనవి. 2025 సెప్టెంబరు నుంచి విదేశీయుల మీద కొత్త చట్టం అమల్లోకి వచ్చింది. ఆస్పత్రులు, విద్యాసంస్థలు, ఇల్లు అద్దెకిచ్చేవాళ్ళు ఏమేం తెలియజేయాలో, శరణార్థి కార్డు ఉన్నవాళ్ళు ఏం జాగ్రత్త పడాలో మాలాంటి సామాన్యులకు తలకెక్కే భాషలో ఒక పూట చెప్పండి. ఇప్పుడు క్యాంపులో నడుస్తున్నది పుకార్ల టెన్షన్. ఆ టెన్షన్‌ను సొమ్ము చేసుకుంటూ 'ఆధార్ ఇప్పిస్తా' అని బ్రోకర్లు తిరుగుతున్నారు. దొంగ కార్డు చేయించుకుంటే కేసు పడేది ఆ కుటుంబం మీద. బ్రోకరు అప్పటికే నంబరు మార్చేస్తాడు. ఇది మనమందరం ఒకే మాటగా చెప్పాలి. ఒకరు వద్దని, ఇంకొకరు 'చూద్దాంలే' అని అంటే జనం చూద్దాంలే అన్నవాడి మాటే వింటారు.

సంఘాలు కలవడం కొత్త సంగతేమీ కాదు. ఈ నగరంలోనే పాతబస్తీ మతకల్లోలాల అనుభవంలోంచి చిన్నచిన్న సంఘాలు కలిసి 'కోవా' అనే సమాఖ్యగా ఏర్పడ్డాయి, శరణార్థుల పనిలోనూ ఆ పేరు వినిపిస్తూనే ఉంది. కెనడాలో 1979 నుంచి మామూలు జనం, చర్చి బృందాలు కలిసి ఒక శరణార్థి కుటుంబం బాధ్యత తీసుకునే పద్ధతి ఉంది. ఏడాది పాటు అద్దె, బడి, భాష అన్నీ ఆ బృందమే చూస్తుంది. అక్కడి చట్టం వేరు, డబ్బు వేరు. కానీ ఒక కుటుంబం ముఖం ఎరిగిన బృందం ఒకటి ఉండటం అన్నది మనకూ కుదురుతుంది. ప్రతి సంఘం పదో పన్నెండో కుటుంబాలను 'మావి' అనుకుంటే చాలు. కిట్లు పంచడానికి కాదు, పేరు పెట్టి పలకరించడానికి.

ఇక లెక్కలు. బాలాపూర్ అంటే తెలుగువాళ్ళకు గుర్తొచ్చేది గణేశ్ లడ్డూ. 1994లో 450 రూపాయలతో మొదలైన వేలం 2025లో 35 లక్షలు పలికింది. మైకులో, అందరి ముందు. ఆ డబ్బు ఊరి పనులకు వాడతారని చిన్నపిల్లలకు కూడా తెలుసు. మనం క్యాంపుల పేరు మీద వసూలు చేసినది ఎంతో, ఖర్చు చేసినది ఎంతో క్యాంపులో ఉన్నవాళ్ళకు తెలుసా? వాళ్ళ పేరు మీద వచ్చిన డబ్బు లెక్క వాళ్ళ ముందే చదవాలి. మైకు అక్కర్లేదు, గొంతు చాలు.

ఇవన్నీ మాట్లాడటానికి పోయిన నెల ఒక సంఘం వాళ్ళు మీటింగు పెట్టారు, మంచి ప్రయత్నమే. ఏసీ హాల్లో పెట్టారు. పెద్దలు మాట్లాడారు, శాలువాలు కప్పుకున్నారు. క్యాంపు నుంచి ఇద్దరు మగవాళ్ళను పిలిచి చివరి వరుసలో కూర్చోబెట్టారు. ఒక్క ఆడమనిషి లేదు. కాన్పుకు పోయేది వాళ్ళు, నీళ్ళ ట్యాంకర్ దగ్గర నిలబడేది వాళ్ళు, పిల్లను బడికి పంపాలా చెత్త ఏరడానికి పంపాలా అని రాత్రంతా ఆలోచించేది వాళ్ళు.

కాబట్టి ఈసారి వచ్చే నెల రెండో ఆదివారం, సాయంత్రం అసర్ నమాజు తర్వాత, నేను పాఠం చెప్పే క్యాంపులో రేకుల షెడ్డు దగ్గర కూర్చుందాం. ఒక్కో సంఘం నుంచి ఇద్దరు చాలు. ప్రతి క్యాంపు నుంచి ఇద్దరు ఆడవాళ్ళు వస్తామన్నారు, పిల్లల్ని ఎత్తుకునే వస్తారు, గోలగా ఉంటుంది. మొదటి అరగంట వాళ్ళే మాట్లాడతారు, మనం వింటాం. ఆ తర్వాత ఫోన్ డ్యూటీ వారాలు పంచుకుందాం. సిమ్ నేను కొని ఉంచాను. మొదటి వారం డ్యూటీ నాది.

ఒకరి మాట ఇంకొకరికి తర్జుమా చేసి చెప్పడానికి ఆ పదమూడేళ్ళ పిల్లను పిలవలేదు. మర్నాడు దానికి లెక్కల పరీక్ష ఉంది, చదువుకోనిద్దాం.

కుర్చీలు తేవద్దు. చాపలు క్యాంపువాళ్ళు వేస్తామన్నారు. టీ నేను తెస్తాను, చక్కెర తక్కువ కావలసినవాళ్ళు ముందే చెప్పండి.

ఇట్లు,
మీర్‌పేట నుంచి ఒక రిటైర్డ్ తెలుగు టీచరు